టేపు నిండా నా గొంతే

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సైకోథెరపీలో శిక్షణ పొందుతోందట. "మేడమ్, మంచి థెరపిస్టు కావాలంటే ఏ పద్ధతిలో ట్రైనింగ్ తీసుకోమంటారు?" అని అడిగి, గుక్క తిప్పుకోకుండా అయిదారు పద్ధతుల పేర్లు చదివింది. దేనికెంత ఫీజు, ఏది ఎన్ని రోజులు, ఏ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ, అన్నీ కనుక్కుని పెట్టుకుంది.

"అవన్నీ సరేనమ్మా, నీ దగ్గరికి వచ్చినవాళ్ళు నీ గురించి ఏమంటున్నారు?" అన్నాను.

"మంచిగానే అంటున్నారు మేడమ్."

"చెడ్డగా ఎవరన్నారు?"

 "ఎవరూ అనలేదు మేడమ్" అంది, కొంచెం గర్వంగానే. అయితే నీకింకా శిక్షణ మొదలు కాలేదు అన్నాను. ఆ అమ్మాయి నొచ్చుకుంది. నొచ్చుకోనివ్వండి. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని గురించి, రిటైరయ్యాక కూడా తియ్యగా మాట్లాడాలంటే నా వల్ల కాదు.

నాకు ఈ విద్య నేర్పింది ముగ్గురు. ఒక పత్తి రైతు, ఒక టేపు రికార్డర్ల మెకానిక్, అన్నం ముద్ద దిగని ఒక ఆడమనిషి. ఈ మాట ఒకసారి సభలో అంటే ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి నవ్వాడు. వినయం కొద్దీ అంటున్నాననుకున్నాడు. నాకు వినయం ఎప్పుడూ లేదు, కావాలంటే నాతో పనిచేసినవాళ్ళని అడగండి. జరిగిందే చెప్పాను. ఎనభైలలో ఇదంతా ఉన్నదున్నట్టు కేసు రిపోర్టులో రాసినందుకు నా శిక్షణ సర్టిఫికెట్ ఏడాదిపాటు ఆగింది. మెకానిక్ ఉన్న పేరా కొట్టేస్తే సంతకం పెడతామన్నారు. నేను కొట్టెయ్యలేదు.

తగ్గిందన్న మనిషి

మాది ముప్పాళ్ళ. మా నాన్న మిషన్ బడిలో పంతులు. హైదరాబాదులో చదువు ముగించి, శిక్షణ కోసం నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ మానసిక వైద్యం చూసే పెద్ద డాక్టరు రాఘవరావు గారి కింద రెండేళ్ళు పనిచేస్తే, ఆయన సంతకంతో సర్టిఫికెట్ వస్తుంది. రోజూ పొద్దున మా ఊళ్ళో బస్సెక్కి రావడం, సాయంత్రం పోవడం.

ఆ రోజుల్లో మాటలతో వైద్యం అంటే మా వైపు ఎవరికి తెలుసు? సూది వెయ్యలేదు, బిళ్ళ ఇవ్వలేదు, గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించి పంపింది అంటే, "ఆమె డాక్టరమ్మ కాదులే, ఇంకా నేర్చుకుంటంది" అనుకునేవాళ్ళు. అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

రొంపిచెర్ల నుంచి హనుమయ్య అనే రైతు వచ్చేవాడు. గుండె దడ, చెమటలు, చచ్చిపోతానన్న భయం. గుండె పరీక్షల్లో ఏమీ లేదు. ఆరుసార్లు వచ్చాడు. నాలుగోసారి నుంచే "చానా తగ్గిందమ్మా" అనడం మొదలుపెట్టాడు. ఆరోసారి చేతులు జోడించి సెలవు తీసుకున్నాడు. నేను పొంగిపోయి రిపోర్టు రాశాను, రాఘవరావు గారు "భేష్" అన్నారు.

రెండు నెలల తరవాత పేట బస్టాండులో కనిపించాడు. స్తంభానికి ఆనుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, చొక్కా తడిసిపోయి ఉన్నాడు.

"హనుమయ్య గారూ, మళ్ళీ వచ్చిందా?" అన్నాను కంగారుగా.

"మళ్ళీ ఏందమ్మా? పోతే గదా మళ్ళీ వచ్చేది!"

"మరి తగ్గిందన్నారు?"

"నువ్వట్టా తల వంచుకోని అంత కష్టపడి రాసుకుంటా ఉంటే, తగ్గలేదని ఎట్టా చెప్పేది? చిన్నపిల్లవి. బాధపడతావని ఊరుకున్నా."

పురుగుమందు కల్తీదిచ్చాడని కొట్టు యజమాని చొక్కా పట్టుకుని నడిబజారులో నిలబెట్టిన మనిషి అతను, ఆ సంగతి తనే చెప్పాడు. అలాంటివాడు నా దగ్గర మొహమాటపడ్డాడు. మా వైపు మనుషులు కోపాన్ని దాచుకోరు గానీ ఎదటివాళ్ళ కష్టం వృథా అయిందని ముఖం మీద అనలేరు. ఈ సంగతి ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

అప్పుడైనా నాకు బుద్ధి వచ్చిందా? అబ్బే. ఆసుపత్రికి పోయి అతని ఫైల్లో "రోగి సహకరించలేదు" అని రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మీలో ఎవరైనా ఆ వాక్యం రాసి ఉంటే, వెళ్ళి చింపెయ్యండి.

గురువారం పదకొండు గంటలు

ఆమె పేరు చెప్పను. నాగరత్నం అందాం. గురజాల అవతల ఒక పల్లె. వయసు ముప్పై అయిదు ఉంటుందేమో, చూస్తే యాభై అనిపించేది. నెలల తరబడి అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, మింగబోయేసరికి గొంతు బిగుసుకుపోతుంది. గంజీ మజ్జిగతో బతుకుతోంది. గొంతు డాక్టర్లు గొట్టాలు వేసి చూశారు, ఏమీ లేదన్నారు. ప్రతి గురువారం పదకొండింటికి భర్త ఏడుకొండలు బస్సులో తీసుకొచ్చేవాడు. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు, ఆమె లోపలికొచ్చేది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తూకం యంత్రం మీద నిలబడి, నా ముఖంలోకి చూసేది. ముల్లు ప్రతి వారం కాస్త వెనక్కి పోయేది.

రాఘవరావు గారు నాతో చెప్పారు. "ఇంకో నెల చూద్దాం. ఇలాగే పోతే గుంటూరు పంపి ముక్కులోంచి గొట్టం వేయించాలి. అప్పటికి ఆ శరీరంలో తట్టుకునే శక్తి ఉంటుందని నేను చెప్పలేను." అంటే నెలరోజుల్లో ఆమె తినాలి. తినకపోతే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

పెద్దాయన ఊహ ఏమిటంటే, ఆమెకు భర్త మీద లోపల కోపం ఉంది, అది మింగలేక గొంతు బిగుస్తోంది. చాలా అందమైన ఊహ. నాకు తెగ నచ్చింది. అప్పటికే మూడు నెలలుగా ఆమె ముందు కూర్చుని ఆ కోపాన్ని బయటికి లాగడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు.

ఒక మంచి అలవాటు మాత్రం ఆయన నాకు చేశారు, ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. మాటలన్నీ టేపు చెయ్యమనేవారు. శనివారం నేను తీసుకెళ్ళిన టేపు కళ్ళు మూసుకుని వినేవారు. కానీ ఆయన వినేది రోగి ఏం చెప్పిందోనని. నేనేం చేస్తున్నానో ఆయన వినలేదు, నేనూ వినలేదు. టేపు పెట్టే ముందు నాగరత్నంకి మాటిచ్చాను, "ఇది నేనూ పెద్ద డాక్టరు గారూ తప్ప మూడో మనిషి వినరు" అని. ఆమె తలూపింది.

మస్తాన్ బాబాయ్

ఒక గురువారం ఆమె వెళ్ళాక టేపు వెనక్కి తిప్పబోతే మిషను కిర్రుమని ఆగిపోయింది. రీలు లోపల చుట్టుకుపోయింది, మూత తెరుచుకోవడం లేదు. మధ్యాహ్నం ఇంకొకరు ఉన్నారు. పెట్టె చంకన పెట్టుకుని బజారులో మస్తాన్ బాబాయ్ షాపుకి పరుగెత్తాను. రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేస్తాడు. మా నాన్న రేడియో కూడా ఆయన చేతి మీదే నడిచేది, అందుకే బాబాయ్ అనే పిలుపు.

"కరెంటు లేదమ్మా. పెట్టి పో. వచ్చినాక చూస్తా" అన్నాడు.

"లోపల క్యాసెట్టు పాడు కాకుండా చూడు బాబాయ్" అని చెప్పి వచ్చేశాను. అంతే. క్యాసెట్టు పాడు కాకూడదన్నదే నా బుర్రలో ఉంది. ఆమె గొంతు అందులో ఉందన్నది లేదు. అంత చదువూ చదివి నేను చేసిన పని ఇది.

సాయంత్రం వెళ్ళేసరికి ఆయన పెట్టె నా ముందుకు తోశాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ముఖం అదోలా ఉంది.

"ఒక మాట చెప్తా, కోప్పడతావా?" అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"బెల్టు ఏసి, పాడుతుందా లేదా అని చూడాల గదా. పాటలనుకున్నా. ఎవరో ఆడమనిషి ఏడుస్తంది. ఆపుదామనుకున్నా. ఆపలా. ఒకపక్కంతా ఇన్నా."

 "షాపులో ఎవరున్నారు?" అన్నాను.

"ఎవురూ లేరు. షట్టర్ సగం దించి అన్నం తింటన్నా. ఆమె ఎవరో నాకు తెలవదు, తెలుసుకోను కూడా. అల్లా మీద ఒట్టు. నేను ఇన్నది తప్పు, ఒప్పుకుంటన్నా. కానీ ఇన్నాక నీకు చెప్పకుండా ఊరుకుంటే అది ఇంకా పెద్ద తప్పు."

"ఏం చెప్పాలి?"

"ఆమె ఏందో చెప్పబోతంది అమ్మాయ్. మూడుసార్లు మొదలుపెట్టింది, 'ఆ రోజు క్యారేజీ' అని. మూడుసార్లూ నువ్వే అడ్డం పడ్డావు."

"నేనా?"

"ఇంకెవరు? టేపు నిండా నీ గొంతే. ఆమెది యాడుంది? ఏం క్యారేజో, ఏందో, నాకైతే ముద్ద దిగలా. గిన్నె అట్టాగే మూత పెట్టా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పని గురించి చెప్పడానికి ఈయనెవరు అనుకున్నాను. పెట్టె తీసుకుని వచ్చేశాను, కనీసం వస్తానని కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి, గది తలుపు వేసుకుని, టేపు పెట్టాను. కాగితం మీద నా మాటకొక గీత, ఆమె మాటకొక సున్నా పెట్టుకుంటూ విన్నాను. కాగితం నిండా గీతలే. మొదటిసారి ఆమె "ఆ రోజు క్యారేజీ" అనగానే నేను, "తిండి సంగతి తరవాత చెబుదురుగానీ, నిద్ర ఎలా పడుతోంది?" అన్నాను. రెండోసారి "క్యారేజీ నేను" అంది. నేను, "మీకు మీ ఆయన మీద కోపం వస్తే ఏం చేస్తారు?" అన్నాను. మూడోసారి చాలాసేపు ఏడ్చి, ముక్కు చీది, "క్యారేజీ" అంది. నేను, "టైమ్ అయిపోయింది, వచ్చే వారం మాట్లాడదాం" అన్నాను. ఎంత తియ్యగా అన్నానో! ఆ తియ్యదనం వింటుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

అందుకే చెబుతున్నాను. మీ టేపు మీరు వినండి, ఒంటరిగా, సిగ్గుతో చచ్చిపోయేలా వినండి. ఎన్ని వర్క్‌షాపులకు తిరిగినా ఆ ఒక్క గంట నేర్పింది అవి నేర్పవు. విన్నాక ఒకే ఒక్క లోపం పట్టుకుని రోజూ సాధన చెయ్యండి. నా లోపం నోరు. ఇంటికి పోయి మా అమ్మ ముందు కూర్చునేదాన్ని. ఆమె ఏం చెబుతున్నా మధ్యలో మాట్లాడకూడదు, ఆమె చివరి మాట పట్టుకుని మెల్లగా తిరిగి అనాలి, అంతే. మూడో రోజుకి మా అమ్మ బెదిరిపోయింది. "ఏమే, ఒంట్లో బాగాలేదా? పలకవేంది?" అని నా నుదురు పట్టుకుని చూసింది.

చెప్పొద్దన్నారు

మూడో మనిషి వినరని మాటిచ్చాను. విన్నాడు. ఈ సంగతి నాగరత్నంకి చెప్పాలి. రాఘవరావు గారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను.

ఆయన పేపరువెయిట్ తిప్పుతూ, "ఎవరికీ చెప్పకు" అన్నారు. "అతను మంచివాడంటున్నావు, బయటికి పొక్కదు. చెబితే ఆమె భయపడి మానేస్తుంది. మానేస్తే బతకదు. నువ్వు నిజాయితీ అనుకుంటున్నది నీ మనసు తేలిక చేసుకోవడం కోసం, అమ్మాయ్."

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇన్నేళ్ళ తరవాత ఆలోచించినా ఆయన మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. కానీ నేనన్నాను, "సార్, ఆమె ఏదో దాచుకుని చస్తోంది. నేనింకొకటి దాచిపెట్టి ఆమె ముందు కూర్చుని, నువ్వు మాత్రం అంతా చెప్పు అని ఎలా అడగను?"

"నీ ఇష్టం. ఏమైనా జరిగితే నా సంతకం ఆశించకు."

"అలాగే సార్" అని వచ్చేశాను. 

గురువారం ఆమె కూర్చోగానే చెప్పాను. మిషను చెడింది, బాగుచేసే ఆయన విన్నాడు, తప్పు ఆయనది కాదు, నాది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏ ఊరాయన?"

"పేటే. మీరెవరో ఆయనకి తెలియదు."

ఆమె లేచింది. తూకం కూడా చూసుకోలేదు. వరండాలో భర్త చెయ్యి పట్టుకుని లాగుతూ మెట్లు దిగిపోయింది. ఏడుకొండలు వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ఏం జరిగిందని అడగలేదు.

ఆమె గంట

తరవాతి గురువారం రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు.  ఆమె ఊరికి పోదామా అని బస్సు దాకా వెళ్ళాను. పోతే, ఎందుకొచ్చావని ఇంటాయన అడుగుతాడు. ఏం చెప్పినా ఆమె గుట్టే బయటపడుతుంది. వెనక్కి వచ్చేశాను.

చేతనైంది ఒకటే. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆ గంట ఎవరికీ ఇవ్వలేదు. తలుపు తెరిచి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "బయట ఇంతమంది ఉంటే ఖాళీ కుర్చీకి వైద్యం చేస్తున్నావా?" అని రాఘవరావు గారు మండిపడ్డారు. "ఆ గంట ఆమెది సార్" అన్నాను.

మూడో గురువారం పదకొండు దాటాక వచ్చింది. ఒంటరిగా వచ్చింది. అంత నీరసంలో రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆ మిషనాయన ఇన్నాడు గదా. ఏమన్నాడు?"

"మీరేదో చెప్పబోతుంటే నేను మూడుసార్లు అడ్డం పడ్డానన్నాడు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నిజమే చెప్పాడు" అంది. పెదవి చివర కొంచెం కదిలింది. మూడు నెలల్లో ఆమె నవ్వుకి దగ్గరగా రావడం అదే మొదటిసారి. "నువ్వు చానా మాట్లాడతావమ్మాయ్. నీ మాటలకి నాకు తల తిరిగేది."

"మరి నాకు చెప్పలేదే?"

"ఎట్టా చెప్పేది? పెద్ద చదువు చదివినదానివి."

హనుమయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు నుంచి ఉద్యోగం వదిలేదాకా, ఎవరు నా ముందు కూర్చున్నా లేచే ముందు ఒక ప్రశ్న అడిగాను, "ఇవాళ నేను చేసినదాంట్లో ఏది మీకు అడ్డమైంది?" అని. ఏమీ లేదంటే మళ్ళీ అడిగేదాన్ని, నిజం చెప్పేదాకా వదిలేదాన్ని కాదు.

నాగరత్నం సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. ఖాళీది. నేను నాలుక పళ్ళ మధ్య నొక్కి పెట్టుకుని కూర్చున్నాను.

"నా తమ్ముడిది" అంది. "నా దగ్గరే పెరిగాడు. సున్నపురాయి క్వారీలో పని. రోజూ నేనే కట్టిచ్చేదాన్ని. ముందురోజు కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడు. నాకు కోపమొచ్చింది. పొద్దున కట్టలా. పస్తుంటేనే వీడికి తిండి ఇలువ తెలిసేది అనుకున్నా. వాడూ అడగలా. పోయాడు."

ఆగింది. నేనేమీ అనలేదు. 

"మద్దేనం అందరూ తినటానికి రేకుల షెడ్డు కిందకి పోయారంట. క్యారేజీ లేనోడు అందరిలో ఏం పోతాడు? ఆడనే రాళ్ళ కింద నీడలో కూకున్నాడు. పైనుంచి రాతిపెళ్ళ ఇరిగి పడింది. కట్టి ఉంటే వాడు షెడ్డు కింద ఉండేవాడు. నా తమ్ముడు షెడ్డు కింద ఉండేవాడు!"

"షెడ్డు కింద ఉండేవాడు" అన్నాను మెల్లగా.

అప్పుడు ఏడ్చింది. నేను నీళ్ళివ్వలేదు, ఊరుకోమనలేదు, నీ తప్పేం లేదనలేదు. నాకూ కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు. చాలాసేపటికి తనే చెప్పింది. ఇంటాయన రెండు రోజులు ఆ రాళ్ళు తవ్వాడట క్యారేజీ కోసం, తమ్ముడి గుర్తుగా తనకి ఇద్దామని. దొరకలేదు. రాళ్ళ కింద నలిగిపోయి ఉంటుందని ఊరంతా అనుకున్నారు. అప్పటికే ఆ క్యారేజీని ఆమె ఇంట్లో కందుల డబ్బా వెనక దాచిపెట్టింది.

"ఆయనకి చెప్పాల్నా?" అంది.

చెప్పమనాలని నోటిదాకా వచ్చింది. వద్దనాలని కూడా వచ్చింది. రెండూ మింగేశాను. "మీకేమనిపిస్తోంది?" అని మాత్రం అన్నాను. ఆమె క్యారేజీని సంచిలో పెట్టుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

క్యారేజీ

తరవాతి గురువారం ఇద్దరూ వచ్చారు. ఏడుకొండలు అలవాటుగా బెంచీ మీద కూర్చోబోతుంటే, "నువ్వూ రా" అంది ఆమె. ఆయన చెప్పులు బయట విడిచి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, గోడవారగా నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

సంచిలోంచి క్యారేజీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు అది బరువుగా ఉంది. ఆయన వైపు చూడకుండా, బల్ల వైపు చూస్తూ చెప్పింది. "ఆ రోజు నేను కట్టలా. వాడు ఆకలితో పోయాడు. ఇది రాళ్ళ కింద లేదు. ఇంట్లోనే ఉంది. నిన్ను రెండు రోజులు ఊరికే తవ్వించా."

ఆయన తలపాగా గుడ్డ చేతుల్లో నలిపాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"ఆ మద్దేనం నేను ఇంటికొచ్చా. నువ్వు నీళ్ళకి పోయావు. గూట్లో క్యారేజీ బోర్లించి ఉంది, కడిగింది కడిగినట్టే. ఓహో, అక్కాతమ్ముళ్ళకి ఇంకా రాజీ కాలేదు అనుకున్నా. అంతలో క్వారీవాళ్ళు కేకలేసుకుంటా వచ్చారు."

"తెలిసీ తవ్వావా?"

"ఊరోళ్ళు అడుగుతారు గదా, ఆ పిల్లోడు ఒక్కడే ఆడ ఎందుకు కూకున్నాడని. నేను క్యారేజీ కోసం ఎతుకుతా ఉంటే ఇంకెవురూ అడగరని. దొరకదని తెలిసే ఎతికినా."

 మూడు నెలలు ఈ మనిషి మా వరండాలో కూర్చున్నాడు. ఆయన మీద ఆమెకు కోపమని నేనూ మా పెద్దాయనా సిద్ధాంతాలు కట్టాం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి లోపలికి పిలిచి "నీకేం తెలుసయ్యా" అని అడిగిన పాపాన పోలేదు. ఆయనా ఆమెకు చెప్పలేదు, తనకు తెలుసని తెలిస్తే ఆమె బతకదేమోనని. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే క్యారేజీని దాచుకుని ఏడాది గడిపారు. నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే నేనేం చెప్పను? వరండాలో ఎవరు కూర్చున్నారో లేచి వెళ్ళి చూడండి.

నాగరత్నం ఆయన్ని కొట్టింది. నిజంగానే, భుజం మీద, గుప్పిటతో రెండు దెబ్బలు. "ఎందుకు చెప్పలా? ఎందుకు చెప్పలా నాకు?" అంది. ఆయన కొట్టించుకుంటూ నిలబడ్డాడు, గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తరవాత ఆమె ముక్కు తుడుచుకుని, క్యారేజీ గిన్నెలు విడదీసింది. అన్నం, గోంగూర పచ్చడి, చివరి గిన్నెలో పెరుగు. కలిపి మొదటి ముద్ద ఆయన చేతిలో పెట్టింది. రెండోది తను నోట్లో పెట్టుకుంది.

నమిలింది. ఆగింది. గొంతు మీద నరాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. పన్నెండు నెలలుగా ఎక్కడ ఆగిపోతోందో అక్కడే ఆగింది. నీళ్ళు తాగమనాలని, నిదానంగా మింగమనాలని, ఏదో ఒకటి అనాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. రెండు చేతులూ కుర్చీ కింద పెట్టి గట్టిగా పట్టుకున్నాను. ఏడుకొండలు తన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

దిగింది. ఆమె చిన్నగా దగ్గి, ఇంకో ముద్ద కలపడం మొదలుపెట్టింది. ఏడుకొండలు అప్పుడు తన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే తలుపు తోసి రాఘవరావు గారు లోపలికి తొంగి చూశారు. బల్ల మీద పరిచిన గిన్నెలు, గోడవార నిలబడి తింటున్న మగమనిషి, పచ్చడి వాసన, అన్నీ చూసి ఆయన ముఖం మాడిపోయింది. చేతి గడియారం నాకు చూపించి, "టైమ్ అయిపోయింది" అన్నారు.

"అవలేదు సార్" అన్నాను. "తింటున్నారు."